జానెడు తక్కువ

స్టేడియం రెండో గేటుకి ఎదురుగా ఉన్న టీకొట్టులో ఆ మధ్యాహ్నం ఎవరి మొహంలోనూ కళ లేదు. బల్ల మీద పరిచిన పేపర్లో క్లబ్బు ఓనరు ఫోటో ఉంది. దాని మీద ఎవరో తడిగ్లాసు పెట్టడంతో ఆయన మొహం చుట్టూ గుండ్రంగా మరక పడింది. ఫోటో కింద ఆయనన్న మాట లావుపాటి అక్షరాల్లో వేశారు. "లీగు వేసిన శిక్షకి కట్టుబడి ఉంటాం. అప్పీలుకి వెళ్లడం లేదు."

శిక్ష అంటే తొమ్మిది పాయింట్ల కోత. ఆ తొమ్మిదీ పోతే వచ్చే ఏడు టీమ్ కింది డివిజన్‌కి దిగిపోవాల్సిందే. అప్పీలుకి ఆ రోజు సాయంత్రం ఐదింటిదాకా గడువుంది. ఉండి ఏం లాభం, వెళ్లాల్సినవాడే చేతులు ముడుచుకుని కూర్చున్నాక.

"పోట్లాడి ఓడిపోతే అదో దారి," అన్నాడు కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చి కూర్చున్నాడు. "అసలు నోరే విప్పలేదే ఆ మనిషి. తల వంచి, కొట్టండి అన్నట్టు నిలబడ్డాడు. నాకైతే ఇంట్లో ఎవరో పోయినట్టుంది."

పక్కనే దర్జీ ఒళ్లో సంచి పెట్టుకున్నాడు. అందులో తను రెండు నెలలు కూర్చుని కుట్టిన జెండా ఉంది. స్టాండు ఈ చివర నుంచి ఆ చివరకి సరిపోయే జెండా. దాన్నెందుకు మోసుకొచ్చాడో ఆయనకే తెలియదు.

లీగు మోపిన నేరం వినడానికి చిన్నదే. గోలు గీతకీ పెనాల్టీ చుక్కకీ మధ్య పదకొండు మీటర్లుండాలి. మొన్నటి మ్యాచ్‌లో దక్షిణం వైపు చుక్క జానెడు ముందుకొచ్చింది. రెండో సగంలో మనవాళ్లు దాడి చేసింది అటే, ఆ చుక్క మీంచే పెనాల్టీ కొట్టి గెలిచారు. అవతలివాళ్లు టేపు తెప్పించి కొలిచారు. క్లబ్బు కావాలనే చేయించిందని లీగు తేల్చింది.

మూడున్నర దాటాక సున్నం మామ వచ్చాడు. నలభై ఏళ్లుగా ఆ మైదానంలో తెల్లగీతలు గీస్తున్నది ఆయనే. గోళ్ల సందుల్లో సున్నం ఎప్పటికీ వదలదు, నోట్లో కోతలు అంతకన్నా వదలవు. అవి కోతలని అందరికీ తెలుసు. తెలిసీ బెంచీ మీద జరిగి చోటిస్తారు.

ఆ రోజు చోటిచ్చారు గానీ, దర్జీ అడగనే అడిగాడు. "బావా, ఆ చుక్క పెట్టింది నువ్వేగా. నిజంగా జానెడు తగ్గిందా?"

"నా చేతిలో వెంట్రుకవాసి తేడా రాదు. వాళ్ల టేపు సాగింది," అన్నాడు మామ. అని చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. వేసుకున్నాక, ఎందుకు వేసుకున్నానా అనిపించి తీసేశాడు. ముగ్గురూ తననే చూస్తున్నారు, టీకొట్టు నడిపే చెల్లెమ్మతో సహా. ఇంకో ప్రశ్న పడేలోగా తనే మొదలుపెట్టాడు.

"మీరంతా ఇక్కడ కూర్చుని ఓనర్ని తిడుతున్నారు. నేను మొహం మీదే అడిగొచ్చాను తెలుసా? సోమవారం పొద్దున్నే వెళ్లాను ఇంటికి. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు నువ్వన్నాడు, నోటితో చెప్పడం దేనికని గోళ్లు చూపించాను, అంతే, సెల్యూట్ కొట్టి గేటు రెండు రెక్కలూ తీశాడు, కార్లకే రెండు తీస్తాడు, మనుషులకి ఒకటే. ఓనరు గడ్డానికి నురగతో బయటికొచ్చాడు. ఏమండీ, లీగుతో మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా, అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏడ్చాడా?" అన్నాడు కండక్టరు, అంత దిగులులోనూ.

"ఏడవడమా, గడ్డం మీద నురగంతా కొట్టుకుపోయేట్టు ఏడ్చాడు. ఇక బ్లేడుతో పనిలేకుండా మొహం నున్నగా అయిపోయింది. నేనే తువ్వాలు అందించాను."

దర్జీ మూతి కొంచెం వంకర తిరిగింది, నవ్వొచ్చినట్టే. అది చూసి మామకి ప్రాణం లేచొచ్చింది. గోడ మీద గడియారం నాలుగు చూపిస్తోంది. చెల్లెమ్మ దాని వంక చూసి, మళ్లీ ఆయన వంక చూసి, గ్లాసులు కడుక్కుంటోంది.

సోమవారం మామ ఎక్కడికీ వెళ్లలేదు. ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన దూరాలు కొలిచేది ముడులు వేసిన నూలుతాడుతో. పని నేర్పిన పెద్దాయన ఇచ్చిన తాడది. ఓనరు కొనిచ్చిన ఇనుప టేపు స్టోరు రూములో డబ్బా కూడా విప్పకుండా ఉంది, టేపు పట్టుకోవడం కొత్తవాళ్ల పని అని ఆయన నమ్మకం. మ్యాచ్ రోజు ఉత్తరం వైపు కొలవడం అయ్యాక వాన పడి తాడు తడిసింది. తడిసిన నూలుతాడు బిగుసుకుని కురచవుతుందని ఆయనకి తెలియక కాదు, ఎంతమందికి చెప్పాడో. కానీ గేట్లు తెరిచే వేళైంది. నా కన్నుందిగా అనుకున్నాడు. దక్షిణం వైపు ఆ తడితాడుతోనే కొలిచేశాడు.

ఇప్పుడు జేబులో ఉన్న కాగితం మధ్యాహ్నం ఒంటిగంటకి ఓనరు డ్రైవరు ఇంటికి తెచ్చిచ్చాడు. మూడే వాక్యాలు. చుక్క పెట్టింది నేను. తాడు తడిసి కురచైంది. ఇది క్లబ్బు చెప్పి చేయించింది కాదు. కింద సంతకానికి చోటు. ఐదింటిలోపు ఆఫీసులో ఇస్తే చాలని చెప్పి డ్రైవరు వెళ్లిపోయాడు. తప్పంతా నా నెత్తిన రుద్ది తను దులుపుకుపోదామనుకుంటున్నాడు అనుకున్నాడు మామ. అలా అనుకుని ఓనరు మీద కోపం తెచ్చుకోవడానికి అప్పట్నుంచీ తంటాలు పడుతున్నాడు. సగమే వచ్చింది.

"తర్వాత?" అన్నాడు కండక్టరు.

"తర్వాతేముంది, మంగళవారం నేనే లీగు ఆఫీసుకి వెళ్లాను. పన్నెండో అంతస్తు. లిఫ్టు ఎక్కలేదు, అది నిట్టనిలువుగా పోవడం లేదని నాకు కింద నుంచే తెలిసిపోయింది. మెట్లెక్కాను. ఏడో అంతస్తులో ఒక మెట్టు వేలెడు పొట్టి, ఆ సంగతి చెప్పానో లేదో బిల్డింగు కట్టిన మేస్త్రీని పట్టుకొచ్చి నా కాళ్ల మీద పడేశారు, పోనీలే అని లేపాను. లోపల కమిటీ, పదకొండు మంది, సూట్లూ బూట్లూ. మధ్యలో ఇంత పొడుగు బల్ల. నేను కూర్చోలేదు. అయ్యా, జానెడు తేడా అని మా టీమ్ గొంతు కోశారే, మీ బల్ల ఎడంకాలు గోరంత కురచ, దానికి ఎన్ని పాయింట్లు కోస్తారు, అన్నాను. ఒకాయన బంతి తెప్పించి బల్ల మీద పెట్టాడు. అది దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్లి ఛైర్మన్ ఒళ్లో పడింది."

"సున్నంలోకి ఎముక లేకుండా చేశావు మామా వాళ్లని," అన్నాడు కండక్టరు.

"సున్నం నాదే కదా అల్లుడూ."

ఈసారి దర్జీ పైకే నవ్వాడు. ఆ నవ్వుకి పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు కూడా ఇటు తిరిగారు. పొద్దుట్నుంచీ చచ్చిన చావు చచ్చి కూర్చున్నవాళ్లు తన మాటకి కాస్త తేరుకోవడం మామ కళ్లారా చూశాడు. ఆపితే మళ్లీ ఆ పేపరు, ఆ ఫోటో, ఆ ప్రశ్న. ఆపకూడదు అనుకున్నాడు. గడియారం నాలుగున్నర దాటింది.

"బుద్ధొచ్చిందని అంతటితో వదలాలా? వదల్లేదు. సంచిలో సున్నం తీశాను. ఛైర్మన్ కుర్చీ కాలి దగ్గర మొదలుపెట్టి ఒకటే గీత, తాడు లేదు, టేపు లేదు, ఒక కన్ను మూసి గీసుకుంటూ బయల్దేరాను మన మైదానానికి. ఎంత దూరం? ఇరవై ఆమడలు. రోడ్డు మీద బస్సులు, లారీలు నా గీత చూసి వాటంతటవే వరసలో పడ్డాయి. నీ బస్సు కూడా ఆ రోజు టైముకొచ్చింది కదా, ఎందుకొచ్చిందనుకున్నావు?"

"అందుకా," అన్నాడు కండక్టరు. "మరి మధ్యలో ఏరుంటుందే మామా, ఏరు వచ్చినప్పుడు?"

"నీళ్ల మీద గీశాను."

"చెరిగిపోలేదా?"

"రెండు రోజులుంది. అటు చేపలు అటే, ఇటు చేపలు ఇటే. దాటిన చేపని చూపిస్తే ఈ వృత్తి మానేస్తాను. అది అలా ఉంచు. ఒడ్డెక్కి సగం దూరం వచ్చేసరికి పైనుంచి విమానం, నా గీత చూసి రన్‌వే అనుకుని దిగిపోయింది. పైలట్ కిందికొచ్చి ఎంత తిన్నగా ఉందండీ, మా ఎయిర్‌పోర్టులో కూడా ఇలాంటిది లేదండీ అని చెయ్యి వదలడు. నేను మొహమాటపడలేదు. నీ ఎడం చక్రం గీత దాటింది, అవుట్, వెనక్కి తీసుకెళ్లు, అన్నాను. తీసుకెళ్లాడు. ఆ సంగతి రేడియోలో విని ఛైర్మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, నా గీత మీదే, తప్పిపోకుండా. అయ్యా, ఇంత చెయ్యి జానెడు తప్పుతుందంటే మేమెలా నమ్మామయ్యా, తొమ్మిది పాయింట్లు కాదు పన్నెండు తీసుకోండి అన్నాడు."

పక్క బల్లవాళ్లు పగలబడి నవ్వారు. దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. నవ్వు తగ్గాక, తగ్గిన చోటే ఏదో వెలితి పడింది. గేటుకున్న పెద్ద తాళం అందరికీ కనిపిస్తూనే ఉంది. కండక్టరు గ్లాసు అడుగుకేసి చూస్తూ మెల్లగా అడిగాడు.

"ఇంత చేశావు కదా మామా. మరి మన పాయింట్లు ఎందుకు రాలేదు?"

అలా అడిగినప్పుడు అతని గొంతులో ఎగతాళి లేదు. కోతలని తెలిసి కూడా, అందులో ఎక్కడైనా ఒక్క ముక్క నిజముంటే బాగుండునని అడిగాడు. ఆ అడగడం మామకి గుండెల్లో గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకే నోరు ఇంకా ముందుకెళ్లింది.

"ఎందుకొస్తాయి? కాగితం తయారు. అన్నీ రాసి ఉన్నాయి. ఒకే ఒక్క సంతకం కావాలి, ఓనరుది. పెట్టండీ అంటే పెట్టలేదు. పెన్ను లేదన్నాడు, నా పెన్ను ఇచ్చాను. చెయ్యి నొప్పన్నాడు. పిరికివాడు అల్లుడూ. అంతా ఆయన పిరికితనం వల్లే."

చెల్లెమ్మ పొయ్యి ఆపేసింది. పాల గిన్నె మీద మూత పెట్టి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి వాళ్ల బల్ల దగ్గర నిలబడింది.

"సంతకం కావాల్సింది ఎవరిది అన్నయ్యా?"

"ఓనరుదే చెల్లెమ్మా."

"నీ జేబులో ఉన్న కాగితం మీద కావాల్సింది?"

ఆయన చెయ్యి మళ్లీ జేబు మీదికి పోయింది, ఈసారి అందరూ చూశారు.

"మీ ఇంటికొచ్చే ముందు డ్రైవరు ఇక్కడ టీ తాగాడు," అంది చెల్లెమ్మ. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. "అప్పీలుకి వెళ్తే గీత గీసిన మనిషి పేరు చెప్పాలట. పేరు బయటికొస్తే లీగు ఆ మనిషిని ఇంక ఏ మైదానంలోనూ అడుగు పెట్టనివ్వదట. మీ ఓనరేమో, నలభై ఏళ్లు నా కళ్లముందు వంగి గీతలు గీసినవాడి పేరు నా నోటితో చెప్పను, తనంతట తను చెబితేనే వెళ్తాను, లేకపోతే తిట్లు నేనే తింటాను అన్నాడట. బతిమాలొద్దు, బెదిరించొద్దు, కాగితం ఇచ్చి వచ్చెయ్ అన్నాడట. అందుకే డ్రైవరు నీతో ఏమీ అనలేదు. నన్నూ ఒట్టు వేయమన్నాడు, ఐదయ్యేదాకా చెప్పనని."

కండక్టరు గడియారం చూశాడు. ఐదు దాటి నాలుగు నిమిషాలు.

"మరి ఎందుకూరుకున్నావు చెల్లెమ్మా," అన్నాడు మామ. "ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఒక్క మాట అనాల్సింది."

"ఇంత దూరం గీసుకుంటూ వస్తున్నావు కదా అన్నయ్యా. ఏటి మీంచి కూడా వచ్చావు. చివరికి ఆ చుక్క దగ్గరికే వస్తావనుకున్నాను."

మామ కాగితం బయటికి తీశాడు. మడతలు విప్పి బల్ల మీద, ఓనరు ఫోటో పక్కన పెట్టాడు. కండక్టరు టికెట్ల సంచిలోంచి పెన్ను తీసి అందించబోయి, ఇంక దేనికని తనే వెనక్కి తీసుకున్నాడు. రోడ్డు అవతల క్లబ్బు ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు. పక్క బల్లవాళ్లు లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయారు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని మామ ఎదురుచూశాడు. ఎవరూ తిట్టలేదు, ఎవరికీ ఓపిక లేదు.

దర్జీ గ్లాసు కిందున్న పేపరు మెల్లగా లాగి, ఫోటో మీద మరకని అరచేత్తో తుడిచాడు. అది పోలేదు. తర్వాత సంచి భుజాన వేసుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"బావా, ఇప్పుడైనా చెప్పు. ఎంత తగ్గింది?"

సున్నం మామ బల్ల మీద అరచెయ్యి పరిచాడు. బొటనవేలి కొసకీ చిటికెనవేలి కొసకీ మధ్య ఉన్న దూరాన్ని చాలాసేపు చూశాడు.

"జానెడు," అన్నాడు.