వినేవాళ్లు వచ్చేదాకా

అమ్మ గది బయట తమ్ముడు గంట మోగించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డును యూఎస్‌బీ తీగతో లాప్‌టాప్‌కి కలిపాడు. అక్క పక్కనే నిలబడింది.

"అమ్మ మంచం దిగితే ఈ గంట మోగుతుందన్నావు. పొద్దున జారిపడితే కిక్కురుమనలేదేం?"

"ఇక్కడ బాగానే పనిచేస్తోందక్కా. దీని ముందు నేను లేచినా కూర్చున్నా 'లేచింది', 'కూర్చుంది' అని తెరమీద రాస్తోంది చూడు. మంచం పక్కన చార్జర్‌కి తగిలిస్తేనే ఉలకదు పలకదు... అయ్యో!"

"ఏమైంది?"

"తప్పు నాదే. పరీక్షించేటప్పుడు అది తెరమీద రాసే మొదటి మాటలు తప్పిపోకూడదని ప్రోగ్రాములో ఒక లైను రాశాను. లాప్‌టాప్‌లో ఎవరైనా వినేదాకా ఏ పనీ మొదలుపెట్టొద్దని. తీసేయడం మర్చిపోయాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వినేవాళ్లు లేరని అలా కూర్చుండిపోయిందా?"

"ఊఁ, చార్జర్ కరెంటు ఇస్తుందే గానీ వినదుగా. తీసేశానులే. ఇక ఎవరూ వినకపోయినా మోగుతుంది."

"అమ్మ కూడా పిలవలేదురా. నేను చూసేదాకా నేలమీదే ఉంది. అడిగితే, 'మీరంతా పనిలో ఉన్నారుగా, ఎవరు వింటార్లే అనుకున్నా' అంది."

తమ్ముడు తీగ పీకి లాప్‌టాప్ మూశాడు.

"గంట నేను తగిలిస్తాను, ఇలా ఇవ్వు. నువ్వెళ్లి అమ్మ దగ్గర కూర్చో. ఏమీ అడక్కు, కూర్చుంటే తనే మొదలుపెడుతుంది."