వెంకటనారాయణ పంతులుగారి శనివారపు గళ్లు

1921 జూన్ ఆరో తేదీన శ్రీ వెంకటనారాయణ పంతులుగారు గోపన్‌పల్లి బడిలో ఉపాధ్యాయులుగా చేరారు. అప్పుడు ఆ బడికి మూడు గోడలే ఉండేవని, నాలుగో వైపు నుంచి మేకలు వచ్చి పాఠం వినేవని వారే నవ్వుతూ చెబుతుంటారు. పన్నెండేళ్ల తరువాత లింగంపల్లికి బదిలీ అయి, ఈ నెలాఖరున ఇక్కడే పదవీ విరమణ చేస్తున్నారు. చిన్న తరగతి చెప్పే నాకు వారు మొదట గురువులు, నిరుటి నుంచి సహోపాధ్యాయులు.

పదాల గళ్లపై వారి మక్కువ లింగంపల్లి స్టేషనులో మొదలైంది. రైల్లో ఎవరో వదిలివెళ్లిన ఇంగ్లీషు పత్రికలో ఆ గళ్లు చూసి, వాటి పద్ధతి స్టేషను మాస్టరుగారిని అడిగి తెలుసుకుని, గడికొక అక్షరం చొప్పున తెలుగులో కూర్చడం ఆరంభించారు. నాటి నుంచి పత్రికలలో వచ్చేవి పూరిస్తూ, తామే కొత్తవి కడుతూ వచ్చారు. "కూరల ఉప్పు సరిపోయిందా అంటే, ఎన్నక్షరాలు అంటరు ఈయన" అని వారి సతీమణి భాగ్యమ్మగారు దెప్పేవారు.

శనివారం మధ్యాహ్నం నల్లబల్ల మీద పిల్లల కోసం గళ్లు గీసేవారు. అందరూ పైనుంచి కడితే, వారు కింది మూల నుంచి పైకి కట్టేవారు. జవాబులన్నీ పిల్లల ఇళ్లలో ఉండే వస్తువులే కావాలన్నది వారి నియమం.

కిందటి చలికాలం నుంచి వారి కళ్లకు శుక్లాలు కమ్మాయి. ఒక శనివారం, ఖాళీగా ఉంచవలసిన గడిని సుద్దతో మూసేశారు. ఎంత ప్రయత్నించినా జవాబు ఇమడక ఐలయ్య అనే పిల్లవాడు లేచాడు.

"పంతులు సారూ, రోకలి పడ్తలేదు."

"జర కోసి పెట్టు" అంది వెనుక నుంచి నీలమ్మ. తరగతి అంతా నవ్వింది.

పంతులుగారు బల్లకు ముఖం ఆనించి చూసి, ఆ గడిని తుడిచి, సుద్ద కింద పెట్టారు. "ఇగ గళ్లు చాలు సార్. పిల్లలను పరేషాన్ చేస్తున్న" అని ప్రధానోపాధ్యాయులు లింగమూర్తిగారితో అన్నారు. ఆ తరువాత రెండు శనివారాలు నల్లబల్ల ఖాళీగా ఉంది. పంతులుగారు పత్రిక తెప్పించడం కూడా మానేశారు.

మూడో శనివారం నేను సుద్ద తీసుకుని, "మీరు చెప్పండ్రి పంతులుగారూ, నేను గీస్త" అన్నాను.

"జాలి పడుతున్నవా బిడ్డా?"

"లేదు. శనివారం సగం మంది పిల్లలు బడికి వస్తలేరు."

వారు కళ్లు మూసుకుని, "కింది వరుసల కుడి నుంచి రెండో గడి మూసెయ్యి" అన్నారు. బల్ల నిండేదాకా మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ రోజు ఒక్క గడి కూడా తప్పు పోలేదు. అప్పటి నుంచి ఇదే మా పద్ధతి.

విరమణ తరువాత ఈ శనివారాలు ఏమవుతాయోనని పిల్లలకంటే నేనే ఎక్కువ దిగులుపడ్డాను. నిన్న సాయంత్రం వారు గొడుగు తీసుకుని గడప దాటబోతూ ఆగి, "వచ్చే నెల మొదటి శనివారం బల్ల కడిగి పెట్టు. ఈసారి జర పెద్దది కడుదాం" అన్నారు.

పంతులుగారికి, భాగ్యమ్మగారికి భగవంతుడు నిండు నూరేళ్ల ఆయురారోగ్యాలు ప్రసాదించాలని, మా బడికి వారి శనివారాలు చిరకాలం దక్కాలని మనసారా కోరుకుంటున్నాను.

— కనకలక్ష్మి, సహాయోపాధ్యాయిని, లింగంపల్లి, 1949