విఫలమని కొట్టివేసిన నాలుగు పంటలు

1991 జూన్ 17వ తేదీన, బద్వేలు నుంచి రెండు బస్సులు మారి, ఒక రేకుపెట్టెతో మన మెట్టపంటల పరిశోధన క్షేత్రంలో ఉద్యోగంలో చేరిన శ్రీ ఓబుళేశు గారు, ముప్పై నాలుగేళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ శుభసందర్భంలో మంచి మాటలే రాయమని ఈ వీడ్కోలు సంచిక సంపాదకవర్గం వారు నాకు మరీ మరీ చెప్పారు. ప్రయత్నిస్తాను.

తొలినాళ్లలో విత్తన విభాగంలో పనిచేసిన వారు, 2004 నుంచి పదకొండేళ్లపాటు నల్లరేగడిలో పండే రబీ జొన్నకు ఎంత ఎరువు వేస్తే ఎంత దిగుబడి వస్తుందో తేల్చే ప్రయోగాలకు అంకితమయ్యారు. వారి సతీమణి శ్రీమతి రామసుబ్బమ్మ గారు కట్టి పంపిన సద్దిని చేని గట్టుమీదే తిని, మళ్లీ మడిలోకి దిగేవారు. ఆ శ్రమకు ఫలితంగా, ఎకరాకు బస్తాన్నర యూరియా వేయాలన్న సిఫారసు వెలువడి, రైతుల కోసం వేసే పుస్తకంలో అచ్చయింది. వారికి ప్రశంసాపత్రం కూడా లభించింది. ఆ సిఫారసుకు సగటు దిగుబడి లెక్క కట్టినవాడిని నేను.

మన క్షేత్రంలో ఒక ఆనవాయితీ ఉంది. వానలు మొహం చాటేసి పైరు ఎండిపోతే, ఆ ఏటి మడుల ఎదుట ‘ప్రయోగం విఫలం’ అని రాసి, ఎర్రసిరాతో గీత కొట్టి, సగటులో కలపకుండా వదిలేస్తాం. ఆ పదకొండేళ్లలో నాలుగేళ్లు అలా పోయాయి. మిగిలిన ఏడు మంచి ఏళ్ల సగటునే రైతుల చేతిలో పెట్టాం. అందులో తప్పున్నదని మాలో ఎవరికీ తోచలేదు.

2018 రబీలో కోసిగి మండలంలోని ఒక గ్రామంలో, ఉరుకుందమ్మ అనే మహిళా రైతు చేత ఓబుళేశు గారు ఆ మోతాదు వేయించారు. జొన్న ఏపుగా, ముదురాకుపచ్చగా లేచింది. అంత ఆకు నేలలో ఉన్న కాస్త పదునునూ గింజ పట్టకముందే తాగేసింది. ఆపైన చినుకు రాలలేదు. పక్క చేలో చిన్న ఈరన్న ఏ ఎరువూ వేయలేదు. అతని పైరు పొట్టిగానే ఉన్నా గింజ పట్టింది.

జనవరిలో వారితోపాటు నేనూ ఆ చేనికి వెళ్లాను. ఉరుకుందమ్మ మమ్మల్ని తిట్టలేదు. ఒక కంకిని అరచేతిలో నలిపి, మిగిలిన పొట్టు చూపించింది.

“సారూ, మీరు చెప్పినంతే ఏసినా. ఈరన్న ఏమీ ఏయల్యా. వానికి గింజ ఉండాది, నాకు సొప్ప ఉండాది. మీ చేన్లో ఎప్పుడూ ఇట్లా కాల్యాదా?”

నేను వాతావరణం గురించి ఏదో చెప్పబోతే ఓబుళేశు గారు నన్ను ఆపారు.

“అయిందమ్మా. నాలుగుతూర్లు అయింది. మేమే రాయల్యా.”

ఆ వారంలోనే ఆమె ఇంటికి తాళం వేసి, తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు పద్మశ్రీని వెంటబెట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లిపోయింది. ఆ అమ్మాయి మళ్లీ బడికి పోలేదు. ఈ సంగతి ఓబుళేశు గారు నాతో ఒకే ఒక్కసారి చెప్పారు.

నాటి నుంచి వారి జీపులో గడ్డపార ఒకటి ఎప్పుడూ ఉండేది. విత్తే ముందు మూరెడు లోతు తవ్వించి, మట్టిని పిడికిట పట్టి, ముద్ద కడితేనే అర బస్తా వేయమనేవారు. పొడిపొడిగా రాలితే ఆ ఏటికి ఎరువే వద్దనేవారు. వెనకాల ‘గడ్డపార సారు’ అని నవ్వుకున్న వారిలో నేనూ ఒకడిని.

కొట్టివేసిన నాలుగేళ్లనూ తిరిగి కలిపి వారు కొత్త సిఫారసు రాశారు. విఫల ప్రయోగాలను లెక్కలోకి తీసుకోరాదంటూ పై కార్యాలయం దానిని మూడుమార్లు తిప్పిపంపింది. పుస్తకంలో నేటికీ బస్తాన్నరే ఉంది. తాము ఉద్యోగంలో ఉండగా అది మారాలన్నదే వారి ఏకైక కోరిక. అది తీరకుండానే వెళ్తున్నారు. ఈ మాట దాచిపెట్టి వారికి శాలువా కప్పడం నాకు చేతకాదు.

ఈ సంచికను తిప్పిపంపే పై కార్యాలయం లేదు. అందుచేత ఎర్రగీత కొట్టిన చేత్తోనే ఇక్కడ రాస్తున్నాను. 2006లో బస్తాన్నర వేసిన మడిలో ఎకరాకు నలభై కిలోల జొన్నలు, ఏమీ వేయని మడిలో రెండు క్వింటాళ్లు. 2008లో బస్తాన్నరకు ముప్పై కిలోలు, 2011లో యాభై ఐదు. 2014లో గింజే లేదు. ఆ మూడేళ్లూ కూడా ఏమీ వేయని మడే నయం.

ఓబుళేశు గారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని కోరుతున్నాను. ఈ నాలుగు పంటలూ ఆ పుస్తకంలో అచ్చయిన నాడు, ఆ పేజీని ఉరుకుందమ్మకు వారే స్వయంగా చదివి వినిపించాలి. మన పై కార్యాలయం వేగం ఎరిగినవాడిని కనుక, వారికి మిక్కిలి దీర్ఘమైన ఆయుష్షునే కోరుతున్నాను.

— హనుమేష్, గణాంక విభాగం