ధరలు రాసుకునే మనిషి

నెలనెలా ధరలు రాసుకెళ్లే ప్రభుత్వ ఉద్యోగి టీ కొట్టు బల్ల మీద కాగితాల అట్ట పెట్టాడు. కొట్టావిడ మరిగే పాల మీంచి తల ఎత్తలేదు.

“టీ పది, కాఫీ పన్నెండు. రాసుకుని బయల్దేరండి.”

“ఏడాదిగా ఇదే మాటా అక్కా? పాలు పెరిగాయి, పంచదార పెరిగింది, మీ టీ మాత్రం పదే!”

“నా కొట్టు, నా ఇష్టం. మీకేంటి నొప్పి?”

“ఇందాక టీ తాగి వెళ్లిన పెద్దాయన పదిహేను ఇచ్చాడు. నేను చూశాను.”

“ఓహో, అందుకేనా అంతసేపు ఆ స్తంభం చాటున నక్కారు?”

“అబద్ధం ఎందుకు చెప్తున్నారు?”

“మీరొచ్చి రాసుకెళ్లిన మర్నాడే అన్నీ పెరుగుతున్నాయి. ఎక్కువ చెప్తే ఇంకా పెంచేయరూ? మీ ఎత్తులు నాకు తెలీవనుకున్నారా?”

“అయ్యో, మేం పెంచం అక్కా! పెరిగింది రాస్తాం, అంతే. ఆ లెక్కని బట్టే మిల్లుల్లో కరువు భత్యం పెంచుతారు.”

ఆవిడ చేతిలో గరిటె ఆగింది.

“మిల్లుల్లోనా? మా ఆయన చేసేది మిల్లులోనే. ఈ ఏడు భత్యం పైసా పెరగలేదని మేనేజర్ని రోజూ తిట్టిపోస్తున్నాడు.”

“మీ ఒక్క కొట్టు వల్ల కాదులెండి. కానీ అందరూ మీలాగే చెప్తే ఎలా పెరుగుతుంది?”

“ఈ సంగతి మా ఆయన చెవిన వెయ్యకండి బాబూ. ఆ పది కొట్టేసి రాసుకోండి. టీ ఇరవై, కాఫీ పాతిక.”

“ఇరవయ్యా? పెద్దాయన ఇచ్చింది పదిహేనేగా!”

“ఆయన రోజూ వచ్చే మనిషి. ఆయనకి తగ్గించి ఇస్తాను లెండి.”