చెంప మీద గీత

"ఆ పటంలో మొగం నాదే. అమ్మితే వచ్చేదాంట్లో సగం నాకి రావాల" అని బావ మళ్లా మొదలుపెట్టె.

"నీది కాదు" అంటిని. పదైదేండ్ల జగడం ఇది.

నా మొగుడు పొన్నయ్య కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పట్టరలో పని చేసినాడు. పుల్ల గీసేదానికి పెట్టె పక్కన పూస్తారే, ఆ మందు కలిపే పని. మిగిలిన మందుతోనే పలక మీద ఒక మొగం వేసి పెట్టి కన్ను మూసినాడు. వంకర నోరు, రెండు కండ్లు రెండు దిక్కులు, చెంప మీద లోతుగా ఒక గీత. నా టీకొట్లో బాయిలర్ పైన ఏలాడతా ఉండాది. దానికి ధర కట్టి కొనేదానికి విరుదునగర్ నుంచి బొమ్మల టీచరమ్మ కార్తిక వచ్చె. ఎనిమిది వేలు అనుకొని వచ్చినా అనె. నేను ఎప్పటి మాదిరే కొంగు ఎడం చెంప మీద చుట్టుకొని గ్లాసులు కడగతా ఉంటిని.

"ఎనిమిది వేలా!" అని బావ లేచె. నా మొగుడికి అన్న, లక్ష్మణసామి.

"టీచరమ్మా, నేను ఊరికే కూర్చోనుంటే తమ్ముడు గీసినాడు. ఒక పగలు. పగలేంది, మూడు దినాలు, కూడు లేదు నీళ్లు లేదు, రెప్ప కొట్టలే నేను. ఆమీట దీన్ని విరుదునగర్‌కి ఎత్తుకొని పోతే, అగ్గిమందుతో వేసిందంటే మిరపకాయల మండీ ఓనరు, ఆ మొదలాళి, నమ్మలే. ఏం జేసినా తెలుసునా? అగ్గిపుల్ల తీసి దీని చెంప మీద సర్రని గీస్తిని. ఆ గీతే ఇది! భగ్గుమనె."

"పుల్లనా, పటమా మామా?" అనె ఇరుళప్పన్, చెనక్కాయ మిఠాయి చేసేవాడు.

"నువ్వు టీ తాగురా. ఆ యెలుగు చూసి మొదలాళి లక్ష అనె. పోరా అంటిని. తూత్తుకుడి పోతిని. అక్కడ ఓడ కెప్టెన్, తెల్లదొర, ఇంకొక పుల్ల గీయమనె. గీస్తిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రంలో పోయే ఏడు ఓడలు లైట్‌హౌస్ అనుకొని తిరుక్కొని వచ్చె! తెల్లారిందని కోళ్లు కూసె, ఆడోళ్లు ఉప్పు మళ్లలోకి ఉప్పు గోకేదానికి దిగిరి. దొర నా కాళ్లు పట్టుకొని, ఓడ తీసుకో, పటం ఇయ్యి అనె."

"ఓడ యాడ మామా?"

"కోవిల్‌పట్టిలో సముద్రం యాడుందిరా? వద్దంటిని."

అందరూ నవ్విరి. టీచరమ్మ నవ్వలే. పటం దించి, ఎండలో పెట్టి, గీతలో వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపె.

"పెద్దాయనా, పుల్ల గీస్తే మందు లేచిపోవాల. ఈ గీత లోపల కూడా మందు ఉండాది. ముందు మేకుతో తొలిచి, దాని పైన పూసినాడు. కావాలని చేసిందే ఇది. ఎవరి చెంప?"

 

నేను చెయ్యి తుడుచుకొని కొంగు తీస్తిని. పట్టరలో పుల్లల కట్ట అంటుకొన్న దినం చెంప కాలింది, కంటి కింద నుంచి దవడ దాకా.

ఇరుళప్పన్ గ్లాసు కింద పెట్టె.

బావ మెల్లగా, "నిన్ను ఆ మంటలోనుంచి ఎత్తుకొచ్చింది నేనే కదమ్మా" అనె.

"అవు. అది నిజం. దాన్ని ఒక్క దినమన్నా ఎవరికన్నా చెప్పినావా బావా?"

 బావ ఇంక సగం అడగలే.

టీచరమ్మ పటం ఒక తూరి చూసె, నన్ను ఒక తూరి చూసె. సంచి నా బల్ల మీద బోర్లించి, బస్సుకి అరవై పక్కన పెట్టుకొని, మిగిలిందంతా ఎంచి నా చేతిలో పెట్టె. పదకొండు వేల మూడు నూర్ల నలభై రూపాయలు.