రెండు శ్రావణాలు కొన్న మహారాజు

"రాండ్రి పిల్లలూ, జర దగ్గరికి జరుగుండ్రి. మెట్టు మీద కాదు, గీడ చాప మీద కూసోండ్రి. పద్మా, తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకో, నడుమల లేచి ఏడిస్తే కథ ఖరాబైతది."

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వామన్‌రావు అరుగు మీద ప్రతి సాయంత్రం ఇట్లాగే మొదలయ్యేది. కచేరీలో గుమాస్తా కొలువు చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో వినేవాళ్లు లేక సందులో పిల్లలందరినీ పోగేసుకునేవాడు. ఎదురింటి సౌభాగ్యమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ వినేది. పక్కింటి శ్యామ్‌సుందర్ కోర్టునుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే స్తంభానికి ఆనుకుని వినేవాడు.

ఆ రోజు గట్టయ్య కూడా వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. స్టేషన్లో హమాలీ. ఎర్రచొక్కా భుజం మీద చిరిగి ఉంది. అతను కథ కోసం రాలేదు. పోయినేడు వామన్‌రావు దగ్గర ఒక వస్తువు కొన్నాడు, దాన్ని వాపసు తీసుకొమ్మని అడగడానికి వచ్చాడు.

ఆ వస్తువు చేతికి అందేది కాదు. అనంతగిరి గుట్ట మీద ఒక బంగళా ఉంది. పన్నెండుమంది భాగస్తులు కలిసి కొని, ఏడాదిలో తలా ఒక తెలుగు నెల వంతు వేసుకున్నారు. చైత్రం ఒకరిది, వైశాఖం ఒకరిది, అట్లా. గట్టయ్య భార్య పోశవ్వకు దగ్గు. గుట్టగాలి తగిలితే కుదురుతుందని దవాఖానలో చెప్పారు. "నా వంతు అమ్ముతున్న, శ్రావణం నీదే పో" అన్నాడు వామన్‌రావు. పోశవ్వ తన వెండి కడియాలు ఊడదీసి ఇచ్చింది. ఆ శ్రావణం వాళ్లు గుట్ట మీద ఉన్నారు. ఆమె దగ్గు సగం తగ్గింది, రాత్రిళ్లు నిద్రపోయింది.

ఈ శ్రావణం మూట కట్టుకుని మళ్లీ పోతే బంగళాలో వేరేవాళ్లు ఉన్నారు. "మీది శ్రావణం కాదయ్యా, అధిక మాసం" అన్నాడు కావలివాడు. పన్నెండు నెలలూ పంచుకున్నాక పదమూడో మనిషిగా దూరినవాడు వామన్‌రావు. ఏ మూడేళ్లకో ఒకసారి పంచాంగంలో అదనంగా వచ్చే ఆ నెలే అతనికి మిగిలింది. పోయినేడు అది శ్రావణంలో వచ్చింది. ఈ ఏడు అసలే లేదు. కావలివాడు తలుపు దగ్గరకు వేశాడు. వానలో గుట్ట దిగేసరికి పోశవ్వ దగ్గు మళ్లీ మొదటికొచ్చింది.

"రావుసాబ్, ఒక్క మాట..." అన్నాడు గట్టయ్య.

"కూసో గట్టయ్యా, కూసో. కథ అయినంక మాట్లాడుదం. ఈ రోజు నీకు పనికొచ్చే కథే! ఒక వంతును అమ్మాలంటే ఏ తొవ్వ మంచిది, గదీ కథ."

గట్టయ్య ఆశగా మెట్టు మీద కూర్చున్నాడు.

"నా దగ్గర గుట్టబంగళాల ఒక వంతు ఉండె. పోనీకి నాకు తీరిక లేకపాయె. అమ్మాలె. అమ్మనీకి మూడు తొవ్వలున్నయి పిల్లలూ, దలాలీకి చెప్పుడు, అఖ్బార్ల ప్రకటన ఏయించుడు, హర్రాజు పెట్టుడు. ముందుగాల అబిడ్స్‌ల ఒక దలాలీ దగ్గరికి పోయిన. చాయ్ తాగిపిచ్చిండు. ఇద్దరు గిరాకీలున్నరన్నడు. ఇద్దరేంది, నా ఇజ్జత్‌కు ఇద్దరు సాల్తరా అని లేచొచ్చి అఖ్బార్ల ఏయించిన, అగ్గిపెట్టె మీది బొమ్మంత. తెల్లారి తలుపు తీసిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"ఏమైంది తాతా?"

"వరుస! నా గడపకాడ మొదలు, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి, మొజంజాహీ మార్కెట్ గడియారం చుట్టు తిరిగి, మళ్ల నా ఇంటెనకకే వచ్చింది. ముందున్నోడెవడో ఎనకున్నోడెవడో నాకే సమజ్ గాలె. పోస్టుమాను లోపటికి రానీకి తొవ్వ లేక, ఉత్తరాలు ఒకరి చేతికెంచి ఒకరి చేతికిచ్చి పంపిన్రు. వరుసల నిలవడ్డోళ్లే ఒకరికొకరు పిల్లనిచ్చుకున్నరు. పెండ్లి గాడనే, కాన్పు గాడనే."

"ఎదురింట్లనే ఉంట గద రావుసాబ్," అంది సౌభాగ్యమ్మ చేట దులుపుతూ, "నా కంటికి ఒక్క బాలింత గూడ కనవడలే?"

"గప్పుడు నువ్వు పుట్టింటికి పోయినవమ్మా. విను. వాడి జంక్షన్ నుంచి రైలొచ్చింది. ఇంజను నడిపేటాయన వరుస చూసిండు, బండి గాడనే ఇడిసి తనూ నిలవడ్డడు. సవార్లు దిగి ఆయనెనక నిలవడ్డరు. స్టేషన్ మాస్టరు జెండా పట్టుకోనొచ్చి అందరికెనక! గట్టయ్యా, నువ్వు స్టేషన్లోనే ఉంటివి గద, చెప్పు!"

ఆ వరుసలో కొసకు ఒక్క మనిషి మిగిలి ఉన్నా చాలు, తన వంతు అతనికి ఇచ్చేద్దామని గట్టయ్య మనసులో అనుకున్నాడు. అబద్ధమని తెలుస్తూనే అనుకున్నాడు.

"ఇగ ఇట్ల కాదని నుమాయిష్ మైదాన్ల హర్రాజు పెట్టిన. బొంబాయి సేటొకడు తన ఓడ రాసిస్తనన్నడు. ఓడ ఏదిరా అంటే, రైలు మీద ఎక్కించుకోనొచ్చిండు! నాంపల్లిల దించనీకి నీళ్లు లేవని నేనే తిప్పి పంపిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? భూమి దడదడలాడింది. ఏనుగు! ఏనుగు మీద మహారాజు! దిగి నా ముంగట చేతులు కట్టుకున్నడు. 'రావుసాబ్, మా రాణికి పాణం బాగలేదు, శ్రావణం నెల గుట్టగాలి కావాలె, గాని ఒక్క శ్రావణం సాలదు' అన్నడు. గింతేనా, ఫికర్ చెయ్యకని మీదికి చూసిన. 'అరె చంద్రుడా, గీ ఏడు రెండు శ్రావణాలు నడుపు!' అన్న. నడిపిండా లేదా? శ్యామ్‌సుందరూ, నువ్వే చెప్పు."

"పోయినేడు రెండు శ్రావణాలొచ్చిన మాట నిజమే," అని నవ్వాడు శ్యామ్‌సుందర్. పిల్లలు నోళ్లు తెరుచుకుని ఆకాశం వైపు చూశారు.

గట్టయ్య నవ్వలేదు. తనను ముంచిన నెలను ఈ మనిషి ఇప్పుడు తన గొప్ప కింద చెప్పుకుంటున్నాడు.

"రాణి ఖుషీ అయింది. ఏమిచ్చిందో ఎరుకేనా? కాళ్ల కడియాలు ఊడదీసిచ్చింది! ఒక్కొక్కటి బండిచక్రమంత. ఏనుగు మొయ్యలేక మోకాళ్ల మీద కూలవడ్డది. గా కడియాల ఎలుగుకు సందుల మూడు దినాలు దీపం పెట్టలేదు ఎవ్వరు!"

పద్మ తమ్ముణ్ణి జో కొడుతూ అడిగింది. "తాతా, గా రాణి ఎట్లుంటది?"

వామన్‌రావు గొంతు సవరించుకునేలోగా మెట్టు మీదినుంచి జవాబు వచ్చింది.

"దగ్గుతది బిడ్డా."

అందరూ తిరిగి చూశారు.

"మా రేకుల ఇంట్ల గోడకు ఒరిగి కూసోని దగ్గుతది. నెత్తురు పడితే నాకు తెల్వకుండ కొంగుల ముడేసుకుంటది. కడియాలు ఇప్పిన కాడ మచ్చలింక పోలే. గా మహారాజును నేనే."

పద్మ అతని చిరిగిన భుజాన్ని చూసింది. పిల్లల్లో ఎవరో నవ్వబోతే సౌభాగ్యమ్మ కసిరింది.

"తమాషా చేస్తున్నడు," అన్నాడు వామన్‌రావు. నవ్వు సగంలోనే ఆగింది.

"రావుసాబ్, ఊరంత వరుస కట్టింది గద. గందరిని కాదని నాకెందుకు అంటగట్టినవు?"

"నేను అబద్ధమాడలే గట్టయ్యా. నువ్వు కొన్నప్పుడు నడిచింది శ్రావణం కాదా?"

"నడిచింది. ఎసొంటి శ్రావణమో నువ్వు చెప్పలే. పంచాంగం చూసుడు నాకు రాదని నీకెరుకే. పోనీ, గా వరుసల ఒక్కణ్ణి సూపియ్యి. ఎంతకైనా ఇచ్చి, పోశవ్వకు గుట్ట కింద ఒక అర్ర కిరాయికి తీస్త. వచ్చే చలికాలం దాంక ఉంటదో లేదో."

శ్యామ్‌సుందర్ స్తంభాన్ని వదిలి సరిగ్గా నిలబడ్డాడు. వామన్‌రావు చుట్టూ చూశాడు. ఈసారి కోత కోయలేదు. పిల్లలకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"దలాలీ పట్టుకోడు. అఖ్బారోళ్లు ఏస్తరు గాని ఎవ్వడు రాడు. నేనవన్ని చూసిన. ఒక్కటే తొవ్వ గట్టయ్యా. నిన్ను నమ్మేటోడు, లెక్కలు అడగనోడు, ఇంట్ల ఆపతి ఉన్నోడు... గసొంటోణ్ణి చూసుకో."

గట్టయ్య లేచాడు. నెత్తి మీది గుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. బరువు ఎత్తబోయే ముందు హమాలీలు అట్లా చుట్టుకుంటారు.

"గసొంటోడు నాకు ఒక్కడే ఎరుక. వాడు కొని ఏడాదాయె."

ఆ మాట అనేసి సందు మలుపు వైపు నడిచాడు. సౌభాగ్యమ్మ చేట ఎత్తుకుని, వామన్‌రావు మొహం చూడకుండా లోపలికి పోయింది. శ్యామ్‌సుందర్ తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది. పిల్లలు మాత్రం చాప మీదే ఉన్నారు.

"ఆ తర్వాత ఏమైంది తాతా?" అని అడిగింది పద్మ.

ఎన్నో సాయంత్రాలు వామన్‌రావే వేసిన ప్రశ్న అది. అతను వంగి చాప కొసను చుట్టడం మొదలుపెట్టాడు.

"లేవుండ్రి," అన్నాడు. "మీ అమ్మలు ఎదురుచూస్తుంటరు. ఇండ్లకు పోయి బువ్వ తినుండ్రి."