సన్న టైరా, లావు టైరా

సైకిళ్ల షాపులో భర్త రెండు సైకిళ్ల చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నాడు. భార్య స్టూలు మీద కూర్చుని, మోకాలు నొక్కుకుంటూ చూస్తోంది.

"ఈ సన్న టైర్ల రోడ్ బైక్ అయితే గాల్లో తేలిపోతుంది. ఈ లావు టైర్ల మౌంటెన్ బైక్ అయితే కొండలెక్కేస్తుంది. ఏది తీసుకుందాం?"

"మొదటి అంతస్తుకి కూడా లిఫ్టు కోసం నిలబడతారు, మీకు కొండలెందుకండీ?"

"నీకు తెలీదులే. దీనికి ఇరవై ఒక్క గేర్లు!"

"మన మిక్సీకి మూడు స్పీడులున్నాయి. ఒక్కసారైనా తిప్పిన పాపాన పోయారా?"

"ఆరోగ్యం దగ్గర వెటకారాలొద్దు. డాక్టరు చెప్పింది విన్నావుగా?"

"నేను విన్నాను. మీరు విన్నారా అన్నదే నా అనుమానం."

"వినబట్టే కదా వచ్చాం! ఇదిగో, సీటు నా ఎత్తుకి బిగించి ఎక్కేశాను. మౌంటెన్ బైకే ఖాయం. ఎలా ఉన్నాను?"

"భేషుగ్గా ఉన్నారు. కాకపోతే డాక్టరు సైకిల్ తొక్కమన్నది నన్ను. అరిగినవి నా మోకాళ్లు."

ఆయన బెల్లు ఒకసారి మోగించాడు. సీటు మాత్రం దిగలేదు.

"అయితే ఏమైందిప్పుడు? నువ్వు వెనక కూర్చుందువుగానిలే."

"ఎక్కడండీ? దీనికి క్యారియరే లేదు."